అమ్మ పింఛను, నాన్న రైతు భరోసా: వేరొకరి సొమ్ము మీ చేతి మీదుగా తెచ్చేటప్పుడు తెలుసుకోవలసినవి

నెల మొదట్లో పింఛను, సీజన్ మొదలయ్యేటప్పుడు రైతు భరోసా లేదా అన్నదాత సుఖీభవ, నాలుగు నెలలకొకసారి పీఎం కిసాన్ రెండు వేలు. చాలా ఇళ్లలో ఈ డబ్బులు పెద్దవాళ్ల పేరు మీద పడతాయి. వెళ్లి తెచ్చేది మాత్రం కొడుకో, కోడలో, మనవడో. పెద్దాయన తిరగగలిగినన్నాళ్లు ఇందులో ఇబ్బంది కనిపించదు. ఆయనకు పక్షవాతం వచ్చి చేయి లేవనప్పుడో, వేలిముద్ర పడనప్పుడో, ఆయన పోయాక ఖాతాలో ఒక విడత పడినప్పుడో చిక్కులు మొదలవుతాయి. అప్పుడు పరుగెత్తేకంటే, మనిషి మాట్లాడగలిగినప్పుడే చేసుకోవలసిన పనులు కొన్ని ఉన్నాయి.

ఒక విషయం ముందే అనుకుందాం. మీరు తెచ్చినంత మాత్రాన ఆ డబ్బు మీది కాదు. పొలం మీరే దున్నుతున్నా, మందులు మీరే కొంటున్నా, చట్టం దృష్టిలో అది ఖాతాదారు సొమ్ము. ఈ వ్యాసంలో చెప్పే జాగ్రత్తలన్నీ దీని నుంచే వస్తాయి.

ఏ డబ్బు ఎక్కడ పడుతోంది?

ముందు ఒక కాగితం మీద రాసుకోండి: మీ ఇంట్లో ఎవరి పేరు మీద ఏ పథకం ఉంది, ఎంత వస్తుంది, ఏ ఖాతాలో పడుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో వృద్ధులకు, వితంతువులకు ఎన్టీఆర్ భరోసా పింఛను 4,000, దివ్యాంగులకు 6,000, పూర్తిగా మంచం పట్టినవారికి 15,000 రూపాయలు. దీన్ని సచివాలయ సిబ్బంది ఇంటికి తెచ్చి చేతికిస్తారు. తెలంగాణలో చేయూత పింఛను వృద్ధులకు, వితంతువులకు 2,016, దివ్యాంగులకు 4,016 రూపాయలు. పల్లెల్లో ఎక్కువగా పోస్టాఫీసు ద్వారా ఇస్తారు. చిల్లర పదహారు రూపాయలు కూడా లెక్క పెట్టి తీసుకోండి. రైతు భరోసా తెలంగాణలో ఎకరాకు ఏడాదికి 12,000 రూపాయలు, రెండు విడతలుగా పట్టాదారు ఖాతాలో పడుతుంది. అన్నదాత సుఖీభవ పీఎం కిసాన్‌తో కలిపి ఏడాదికి 20,000 రూపాయలు.

ఆధార్ ఆధారంగా వచ్చే డబ్బు విషయంలో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. మీ నాన్నకు మూడు ఖాతాలు ఉన్నాయనుకోండి. పీఎం కిసాన్ లాంటి డబ్బు మీరు దరఖాస్తులో రాసిన ఖాతాలోనే పడాలని లేదు. ఆధార్‌తో చివరిగా ఏ ఖాతాను నగదు బదిలీ కోసం అనుసంధానం చేశారో అందులో పడుతుంది. సిమ్ కార్డు కోసం వెళ్లినప్పుడు దుకాణంలో వేలిముద్ర వేయించుకుని పేమెంట్స్ బ్యాంకులో ఖాతా కూడా తెరిచి, అనుసంధానం అటు మార్చిన సందర్భాలు ఉన్నాయి. ఇక్కడ పాసుపుస్తకంలో ఏమీ కనిపించక 'డబ్బు ఆగిపోయింది' అని మండల ఆఫీసు చుట్టూ తిరుగుతుంటారు. డబ్బేమో వేరే ఖాతాలో పేరుకుంటూ ఉంటుంది. మై ఆధార్ పోర్టల్‌లో 'బ్యాంక్ సీడింగ్ స్టేటస్' చూస్తే ఏ బ్యాంకుకు అనుసంధానం ఉందో తెలుస్తుంది. ఫోను చూడటం రాకపోతే మీసేవలోనో బ్యాంకులోనో అడగండి. తిరిగి పాత ఖాతాకు మార్చాలంటే ఆ బ్యాంకులో ఆధార్ అనుసంధాన పత్రం మీద ఖాతాదారు సంతకం లేదా వేలిముద్ర కావాలి.

వేలిముద్ర పడనప్పుడు

కలుపు తీసి, పొగాకు కట్టి, పసుపు ఉడకబెట్టి బతికిన చేతులకు అరవై దాటాక రేఖలు మిగలవు. మిషన్ ఒప్పుకోకపోతే మనిషిని తిప్పి పంపడం తప్పు. పింఛను తీసుకునే రోజు చేతులు కడిగి ఆరబెట్టండి, మరీ పొడిగా ఉంటే కాస్త కొబ్బరి నూనె రాసి తుడవండి. బొటనవేలు పడకపోతే మిగతా వేళ్లు ప్రయత్నించమని అడగండి. ముఖం చూసి గుర్తించే పద్ధతి ఇప్పుడు రెండు రాష్ట్రాల్లోనూ ఉంది. అదీ కుదరకపోతే ఊరి పంచాయతీ కార్యదర్శితోనో సచివాలయంలో వెల్ఫేర్ అసిస్టెంటుతోనో మాట్లాడండి.

పీఎం కిసాన్ ఈ-కేవైసీ కూడా ముసలివారికి పెద్ద ఆటంకమే. ఇందులో మూడు దారులు ఉన్నాయి: ఆధార్‌కు ముడిపడిన ఫోనుకు వచ్చే ఓటీపీ, మీసేవ లేదా కామన్ సర్వీస్ సెంటర్‌లో వేలిముద్ర, పీఎం కిసాన్ యాప్‌లో ముఖం చూపించడం. మంచం మీద ఉన్నవారికి మూడోది మేలు. 2023 జూన్‌లో వచ్చిన ఈ సౌకర్యంతో మీ ఫోనులోని యాప్ ద్వారా మీ నాన్నదే కాదు, పక్కింటి తాతది కూడా ఇంటి దగ్గరే పూర్తి చేయవచ్చు. మనిషిని ఆటోలో మోసుకెళ్లే పని లేదు.

ఆధార్‌లోని ఫోను నంబరు ఎవరిదో కూడా చూసుకోండి. అల్లుడి పాత నంబరో, ఎప్పుడో పోయిన సిమ్మో ఉంటే ఓటీపీ రాదు. పెద్దవాళ్ల ఆధార్‌కు వాళ్ల నంబరే ఉండటం మంచిది. వాళ్లకు ఫోను లేకపోతే ఎప్పుడూ ఇంట్లో ఉండే మనిషి నంబరు ఇవ్వాలి గాని, ఊరి ఏజెంటుది ఎన్నడూ ఇవ్వకూడదు.

బ్యాంకుకు రాలేని మనిషి డబ్బు

ఎక్కువ గొడవ జరిగేది ఇక్కడే. 'మనిషిని తీసుకురండి' అని బ్యాంకు అంటుంది, 'మనిషి లేవలేడు' అని మీరంటారు. చివరికి మంచంతో సహా ట్రాక్టరు ట్రాలీలో తెచ్చిన సంఘటనలు పత్రికల్లో చూశాం. అంత దూరం వెళ్లనవసరం లేదు. ముసలివారు, జబ్బుపడినవారు, చేతులు పనిచేయనివారి ఖాతాల గురించి రిజర్వు బ్యాంకు ఎప్పటినుంచో స్పష్టమైన సూచనలు ఇచ్చింది.

సంతకం చేయలేకపోయినా వేలిముద్ర వేయగలిగితే, ఆ వేలిముద్రను బ్యాంకుకు తెలిసిన ఇద్దరు సాక్షులు గుర్తించాలి. వారిలో ఒకరు బాధ్యత గల బ్యాంకు అధికారి అయి ఉండాలి. వేలిముద్ర కూడా వేయలేని, బ్యాంకుకు రాలేని స్థితి అయితే విత్‌డ్రాయల్ ఫారం మీద ఏదో ఒక గుర్తు పెట్టించి, దాన్ని కూడా ఇద్దరు సాక్షులు ధ్రువీకరించాలి; ఇక్కడా ఒకరు బ్యాంకు అధికారే. రెండు చేతులూ లేనివారు కాలి వేలిముద్ర వేయవచ్చు. అప్పుడు డబ్బు ఎవరు తీసుకోవాలో ఖాతాదారే బ్యాంకుకు సూచించాలి. ఆ మనిషిని కూడా ఇద్దరు సాక్షులు గుర్తించాలి, తీసుకునే మనిషి తన సంతకం బ్యాంకుకు ఇవ్వాలి.

అంటే మీరు చేయవలసింది ఇది. బ్రాంచి మేనేజరుకు ఒక అర్జీ రాయండి. ఖాతాదారు పేరు, ఖాతా నంబరు, ఏ జబ్బు, ఎన్నాళ్లుగా మంచం మీద ఉన్నారు, డబ్బు ఎవరు తీసుకోవాలని ఆయన కోరుతున్నారు అన్నవి అందులో ఉండాలి. ప్రభుత్వ ఆసుపత్రి లేదా పీహెచ్‌సీ డాక్టరు ఇచ్చిన ధ్రువపత్రం జతచేయండి. అధికారి ఇంటికి వచ్చి గుర్తు పెట్టించుకోవాలని రాయండి. అర్జీ రెండు ప్రతులు తీసుకెళ్లి, ఒకదాని మీద బ్యాంకు ముద్ర, తేదీ వేయించుకుని మీ దగ్గర ఉంచుకోండి. ఆ ముద్ర లేకపోతే మీరు అర్జీ ఇచ్చినట్టు రుజువు ఉండదు.

డెబ్బై ఏళ్లు దాటినవారికి, నడవలేని దివ్యాంగులకు, దీర్ఘకాల జబ్బు ఉన్నట్టు డాక్టరు ధ్రువీకరించినవారికి ఇంటి దగ్గరే డబ్బు అందించే ఏర్పాటు చేయాలని 2017లోనే రిజర్వు బ్యాంకు బ్యాంకులను కోరింది. పల్లెల్లో ఇది బ్యాంక్ మిత్ర ద్వారా జరుగుతుంది. అడగనిదే ఎవరూ చెప్పరు, కాబట్టి అడగండి.

ఇంకా తేలికైన దారి కూడా ఉంది. మనిషి తిరగగలిగినప్పుడే బ్యాంకుకు వెళ్లి, భార్యనో నమ్మకమైన బిడ్డనో జాయింటుగా చేర్చి 'ఇద్దరిలో ఎవరైనా లేదా బతికున్నవారు' అనే పద్ధతిలో ఖాతా పెట్టించండి. లేదా ఫలానా వ్యక్తి నా తరఫున డబ్బు తీయవచ్చని బ్యాంకుకు మాండేట్ లేఖ ఇప్పించండి. జాయింటు చేసేటప్పుడు ఆధార్ అనుసంధానం లబ్ధిదారుదే ఉండేలా చూడండి. అందులో రెండో పేరు ఎవరిదన్నది మాత్రం పెద్దవాళ్లే నిర్ణయించాలి. కొడుకు చేతిలో పెన్ను పెట్టి 'ఇక్కడ వేలు వెయ్యి నాన్నా' అంటే అది వాళ్ల నిర్ణయం కాదు.

కార్డు, పిన్, మైక్రో ఏటీఎం

ఏటీఎం కార్డు వెనక పిన్ రాసి మనవడి చేతికివ్వడం మన ఊళ్లలో మామూలే. బ్యాంకు నిబంధనల ప్రకారం పిన్ ఇంకొకరికి చెప్పడం ఖాతాదారు పొరపాటు కిందికే వస్తుంది. డబ్బు పోతే బ్యాంకు చేతులెత్తేస్తుంది. మనవడు మంచివాడే కావచ్చు, ఏటీఎం దగ్గర వాడికి 'సాయం' చేసే మనిషి మంచివాడు కాకపోవచ్చు.

బ్యాంక్ మిత్ర దగ్గరో, ఊరి దుకాణంలోనో వేలిముద్రతో డబ్బు తీసేటప్పుడు మూడు చూసుకోండి. ఒకసారి వేలు పెట్టాక 'పడలేదు, మళ్లీ పెట్టు' అంటే ముందు ఖాతాలో కోత పడిందేమో మెసేజ్ చూడండి. ప్రతిసారీ రసీదు అడగండి. అందులో తీసిన మొత్తం, మిగిలిన నిల్వ రెండూ ఉంటాయి. నెలకొకసారి పాసుపుస్తకం ప్రింటు వేయించండి. చదువురాని అమ్మ వేలు పెట్టింది ఒకసారి, రెండు కోతలు పడ్డాయి, రెండోది ఎనిమిది నెలల తర్వాత బయటపడింది అనే కథ మీ మండలంలోనూ వినే ఉంటారు.

వాడనప్పుడు ఎం-ఆధార్ యాప్‌లోగానీ 1947కు ఫోను చేసి తెలుసుకునిగానీ వేలిముద్రలకు తాళం వేయవచ్చు. అయితే పింఛను రోజుకు ముందు తాళం తీయడం మరవకండి, లేకపోతే పింఛను మిషన్ కూడా ఒప్పుకోదు. మోసం జరిగిందని తెలిసిన గంటలోనే 1930కి ఫోను చేయాలి. మర్నాడు చూద్దాంలే అనుకుంటే డబ్బు నాలుగు ఖాతాలు దాటిపోతుంది.

తెలివి తప్పినప్పుడు

జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ రాయించుకుంటే అన్నీ తీరిపోతాయని చాలామంది నమ్మకం. అది సగమే నిజం. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం, రాసిచ్చిన మనిషి మరణిస్తే లేదా మతిస్థిమితం కోల్పోతే ఆ అధికారం అక్కడితో ముగుస్తుంది. మనకు బాగా అవసరమైన సమయంలోనే అది పనిచేయదన్నమాట. మతిమరుపు బాగా ముదిరి మనుషులను గుర్తుపట్టని స్థితిలో ఉన్న తల్లి తరఫున పాత పవర్ చూపించి డబ్బు తీస్తే రేపు అది నిలబడదు.

ఇంట్లో పద్దెనిమిదేళ్లు దాటిన ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్న బిడ్డ ఉంటే దారి స్పష్టంగానే ఉంది. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద ప్రతి జిల్లాలో కలెక్టరు అధ్యక్షతన స్థానిక స్థాయి కమిటీ ఉంటుంది. తల్లిదండ్రులో బంధువులో దరఖాస్తు చేస్తే చట్టబద్ధ సంరక్షకుడిగా నియమిస్తూ ధ్రువపత్రం ఇస్తుంది. బ్యాంకులు దీన్ని ఆమోదించాలని రిజర్వు బ్యాంకు చెప్పింది. పద్దెనిమిది నిండేవరకు తల్లిదండ్రులే సహజ సంరక్షకులు కాబట్టి ఇబ్బంది తెలియదు, నిండిన మర్నాటి నుంచి తెలుస్తుంది. ఆ పుట్టినరోజు దగ్గరపడుతుంటేనే దరఖాస్తు పెట్టండి.

ఈ నాలుగింటిలోకి రాని మానసిక అనారోగ్యం, మతిమరుపు, కోమా లాంటి స్థితుల్లో కోర్టు ద్వారా సంరక్షకుడి నియామకం అవసరం కావచ్చు. వకీలు ఖర్చుకు భయపడి ఆగిపోవద్దు. మండల, జిల్లా న్యాయ సేవాధికార సంస్థల్లో స్త్రీలకు, ఎస్సీ, ఎస్టీలకు, దివ్యాంగులకు ఆదాయంతో పని లేకుండా ఉచిత సాయం దొరుకుతుంది. ఫోను నంబరు 15100.

రెండు రూపాయల నోటు పుస్తకం

ఇది ఏ చట్టమూ అడగదు, కానీ ఇంటి పరువు కాపాడేది ఇదే. అమ్మ పింఛను 4,000 వచ్చింది. బీపీ, షుగరు మాత్రలు 1,150. డాక్టరుకు, ఆటోకు 500. పాలు 900. అమ్మ చేతికి 600. మిగిలింది 850, డబ్బాలో ఉంది. ఇంతే రాయండి, నెలకొక అర పేజీ చాలు. మందుల చీటీలు అందులోనే గుచ్చండి.

నాకు తెలిసిన ఒక ఇంట్లో నలుగురు అన్నదమ్ములు. తండ్రి పేరు మీద ఉన్న ఐదెకరాల పెట్టుబడి సాయం ఆయన్ని చూసుకునే చిన్నవాడే తెచ్చేవాడు. ఎరువులకే పెట్టాడు, ఒక్క రూపాయి తినలేదు. కాని రాత లేదు. తండ్రి పోయాక పదకొండో రోజున పెద్దవాడు 'ఆరేళ్ల డబ్బు లెక్క చెప్పు' అన్నాడు. చెప్పలేకపోయాడు. ఇప్పటికీ ఆ ఇద్దరూ ఒకరి గడప ఒకరు తొక్కరు. సీజనుకొకసారి, పండక్కి అందరూ కలిసినప్పుడు ఆ పుస్తకం తెరిచి చూపించి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు.

అమ్మ చేతికి ఎంతో కొంత ఇవ్వండి అన్నది ఊరికే రాయలేదు. మనవరాలికి బిస్కెట్టు ప్యాకెట్టు కొనిపెట్టడానికి కూడా కోడలిని అడగాల్సి రావడం ఆ వయసులో చిన్న బాధ కాదు. నెలనెలా ఆమె వేలిముద్ర మీదే వచ్చే డబ్బు అది.

మనిషి పోయిన తర్వాత

ఇక్కడ చేసే పొరపాటు మాత్రం పోలీసు కేసు దాకా వెళ్లగలదు. మనిషి పోయిన రోజు నుంచి ఆయన పింఛను, పీఎం కిసాన్, పెట్టుబడి సాయం మీద ఎవరికీ హక్కు లేదు. కార్డు మీ దగ్గరే ఉంది, పిన్ తెలుసు, 'దినాల ఖర్చుకు కదా' అని తీస్తే అది వారసత్వం కాదు, మోసం కిందికి వస్తుంది. మరణం తర్వాత పడిన విడత ఉంటే ముట్టకండి. పీఎం కిసాన్ డబ్బు తిరిగి కట్టడానికి పోర్టల్‌లో రిఫండ్ సౌకర్యం ఉంది, వ్యవసాయాధికారి సాయపడతారు.

మరణాన్ని 21 రోజుల్లో పంచాయతీలో నమోదు చేయిస్తే రుసుము లేదు. ధ్రువపత్రం నాలుగైదు కాపీలు తీసుకోండి, ప్రతిచోటా అడుగుతారు. తర్వాత సచివాలయంలో లేదా పంచాయతీ కార్యదర్శికి పింఛను ఆపమని రాసివ్వండి. ఆంధ్రప్రదేశ్‌లో వృద్ధాప్య పింఛను తీసుకునే భర్త పోతే భార్యకు స్పౌజ్ కేటగిరీలో పింఛను మంజూరు చేస్తున్నారు, మరణ ధ్రువపత్రంతో వెంటనే దరఖాస్తు పెట్టండి. తెలంగాణలో వితంతు పింఛను కోసం పంచాయతీ కార్యదర్శి దగ్గర అర్జీ పెట్టాలి. చాలామంది చనిపోయినవారి పింఛను ఎక్కడ ఆగిపోతుందోనని దాచి, బతికున్న తల్లికి రావలసిన పింఛనును నెలల తరబడి పోగొట్టుకుంటారు.

ఖాతాలో అంతకుముందు నుంచి ఉన్న నిల్వను నామినీ తీసుకోవచ్చు. నామినీ, మరణ ధ్రువపత్రం సరిగ్గా ఉంటే బ్యాంకు 15 రోజుల్లో ఇవ్వాలి. నామినీ అంటే యజమాని కాదు, వారసుల తరఫున తీసుకునే మనిషి. 2025 నవంబరు 1 నుంచి ఒక ఖాతాకు నలుగురి వరకు నామినీలను పెట్టుకోవచ్చు. మీ ఇంటి పాసుపుస్తకాల్లో నామినీ పేరు ఉందో లేదో ఈ వారమే చూడండి. పెళ్లికి ముందు తెరిచిన ఖాతాల్లో ఎప్పుడో పోయిన అమ్మమ్మ పేరు ఉంటుంది.

భూమి విషయానికి వస్తే, వారసత్వ మార్పిడి జరిగి మీ పేరు మీదకు వచ్చాకే పీఎం కిసాన్‌కు కొత్తగా దరఖాస్తు చేయగలరు. ఈ పథకంలో 2019 ఫిబ్రవరి 1 తర్వాత భూమి పొందినవారికి అర్హత లేదుగాని, యజమాని మరణంతో వారసత్వంగా వచ్చినవారికి మినహాయింపు ఉంది. తెలంగాణలో మార్పిడికి భూభారతి, ఆంధ్రప్రదేశ్‌లో సచివాలయం లేదా మీసేవ ద్వారా వెళ్లాలి.

తెలంగాణ రైతులు ఇంకొకటి ఆలోచించాలి. రైతు బీమా కింద 18 నుంచి 59 ఏళ్ల వయసున్న పట్టాదారు మరణిస్తే నామినీకి 5 లక్షల రూపాయలు వస్తాయి. భూమి డెబ్బై ఏళ్ల తండ్రి పేరు మీదే ఉండి, నలభై ఏళ్ల కొడుకు సాగు చేస్తుంటే ఇద్దరికీ బీమా లేనట్టే. కొంత భూమి ముందే కొడుకు పేరు మీదకు మార్చే ఇళ్లు ఉన్నాయి. పెద్దలు అలా రాసిచ్చేటప్పుడు 'నన్ను పోషించాలి' అన్న షరతు దస్తావేజులో తప్పక రాయించాలి. 2007 తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం ప్రకారం ఆ షరతు తప్పితే దస్తావేజును రద్దు చేయించుకోవచ్చు. నామినీ మైనరైతే అపాయింటీ పేరు కూడా రాయించి, ఏఈఓ దగ్గర వివరాలు సరిచూసుకోండి.

డబ్బు వాళ్లకు అందకపోతే

ఇది పెద్దవాళ్లు చదువుతుంటే, లేదా పక్కింట్లో జరుగుతున్నది చూస్తుంటే. పింఛను కొడుకు లాక్కుంటున్నాడని, కార్డు ఇవ్వడం లేదని బయటికి చెప్పడానికి ఏ తల్లీ ముందుకు రాదు. కార్డు బ్లాక్ చేయించి, పిన్ మార్చి, కొత్త కార్డు తీసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, బ్యాంకులో ఒక వేలిముద్ర చాలు. మాండేటు లేఖను కూడా ఎప్పుడైనా రద్దు చేయవచ్చు. పోషణ కోసం ఆర్డీవో దగ్గరి ట్రిబ్యునల్‌కు తెల్లకాగితం మీద అర్జీ ఇవ్వవచ్చు. ఎలా రాయాలో, ఎవరిని కలవాలో తెలుగులోనే చెప్పే వృద్ధుల సహాయ నంబరు 14567. పీఎం కిసాన్ విడత గురించి అడగాలంటే 155261. ఈ నంబర్లను ఒక అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో రాసి, పెద్దవాళ్ల మంచం పక్కన గోడకు అంటించండి.